ఇంటి ఫోను: రాగి తీగా? గాజు తీగా?

పిఠాపురం, గొల్లప్రోలు పరిసర గ్రామాల పాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు ఈమధ్య సభ్యులు మమ్మల్ని పాల లెక్కలతోపాటు మరొక సంగతి కూడా అడుగుతున్నారు. "పాత ల్యాండ్‌లైను తీసేసి ఇంటర్నెట్టు మీద నడిచే ఫోను పెట్టించుకోమంటున్నారండి. నెలకింత కడితే ఎన్ని కాల్సయినా చేసుకోవచ్చట. మార్చుకోమంటారా?" అన్నది ఆ ప్రశ్న. విడివిడిగా ఒక్కొక్కరికి చెప్పేకంటె ఈ పత్రిక ద్వారా అందరికీ వివరించడం మేలని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా మా అభిప్రాయం చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాము. ఇంట్లో ఇంటర్నెట్టు అవసరం ఉన్నవారు మార్చుకోవడం మంచిదే. అయితే పాత ఫోనుకు కరెంటు ఇచ్చే బాధ్యత ఎక్స్‌ఛేంజిది. కొత్త ఫోనుకు ఆ బాధ్యత మన ఇంటి మీద పడుతుంది. ఆ ఏర్పాటు చేసుకున్న తరువాతనే పాతదాన్ని వదలాలి. కొత్త గేదెను కొనేవాడు రెండు పూటలు పాలు పితికి చూసి గాని బజానా ఇవ్వడు కదా! ఇదీ అంతే.

పాత ఫోను పనిచేసే తీరు

పాత ఫోనుకు ఎక్స్‌ఛేంజి నుండి మన ఇంటిదాకా రెండు రాగి తీగలు వస్తాయి. మాటతోపాటు ఫోను నడవడానికి కావలసిన కరెంటు కూడా ఆ తీగల్లోనే వస్తుంది. ఎక్స్‌ఛేంజిలో పెద్ద పెద్ద బ్యాటరీలుంటాయి. అవి 48 వోల్టుల చొప్పున లైనుకు సరఫరా చేస్తాయి. బ్యాటరీలకు తోడుగా డీజిలు జనరేటరు ఉంటుంది. అందువలన ఊరంతా చీకటైనా మామూలు ల్యాండ్‌లైను మోగేది, మాట్లాడేది. ఇంట్లో కరెంటు లేదన్న సంగతి ఆ ఫోనుకు తెలియదు.

అలాగని రాగి తీగకు లోపాలు లేకపోలేదు. భూమిలో వేసిన కేబులు అతుకుల్లోకి వాననీరు దిగితే గరగర శబ్దం మొదలై, చివరికి ఫోను మూగబోతుంది. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద గొల్లప్రోలు, పిఠాపురం ప్రాంతాల పొలాలను, కాలనీలను ముంచెత్తింది. అటువంటి నీటికి నేలలోని రాగి జాయింటు తట్టుకోవడం కష్టం. రోడ్డు పనులకు తవ్వినప్పుడు తెగడం, రాగి కోసం దొంగలు కోసుకుపోవడం కూడా మామూలే. పాత తీగలను మరమ్మతు చేసే సిబ్బంది, సామాను నానాటికీ తగ్గుతున్నాయి.

దేశం మొత్తం మీద కూడా ల్యాండ్‌లైన్లు 2006 ప్రాంతంలో సుమారు 4 కోట్లు ఉండగా, 2020 నాటికి దాదాపు 2 కోట్లకు పడిపోయాయి. ఆ తరువాత మళ్ళీ పెరుగుతున్నాయి. ఆ పెరుగుదలకు కారణం రాగి కాదు, ఫైబరే.

కొత్త ఫోను పనిచేసే తీరు

కొత్త ఫోనుకు వచ్చేది ఫైబర్, అంటే వెంట్రుకవంటి సన్నని గాజు తీగ. అందులో కరెంటు పారదు, వెలుగు పారుతుంది. ఆ వెలుగును మాటగా, ఇంటర్నెట్టుగా మార్చడానికి ఇంట్లో ఒక బాక్సు బిగిస్తారు. ఆ బాక్సు వెనుక ఫోను తగిలించే చిన్న రంధ్రం ఉంటుంది. చాలావరకు మన పాత ఫోనునే అందులో తగిలించుకోవచ్చు.

మాట ఎలా వెళుతుందో పాల వాళ్ళం గనుక మనకు సులువుగా అర్థమవుతుంది. పాత పద్ధతి గొట్టంలో పాలు పారించడం వంటిది. మాట్లాడినంతసేపు ఆ దారి మనకే ప్రత్యేకం. కొత్త పద్ధతి క్యాన్లలో పాలు పంపడం వంటిది. మన గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, అంకెలుగా మార్చి, సాధారణంగా సెకనుకు 50 చిన్న ప్యాకెట్లుగా కట్టి పంపుతారు. సంఘం కోడు వేసిన క్యానులాగా ప్రతి ప్యాకెట్టు మీద వరుస నంబరు, చేరవలసిన చిరునామా ఉంటాయి. అవతలి కొసన వాటిని వరుసలో పేర్చి మాటగా వినిపిస్తారు. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్టును పులిసిన పాలలాగా పారబోస్తారు. అందుకే లైను సరిగా లేనప్పుడు మాట మధ్యమధ్య తెగిపోతుంది.

ఒక కాల్‌కు అటూ ఇటూ దాదాపు 100 కిలోబిట్ల వేగం ఉంటే చాలు. ఈనాటి ఫైబర్ కనెక్షన్లకు అది సముద్రంలో చెంబెడు నీళ్ళు. కనుక ఫోను కోసమని ఖరీదైన, ఎక్కువ వేగంగల ప్లానులు తీసుకోవలసిన పని లేదు.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. కంపెనీ బిగించిన బాక్సుకు తగిలించి, మామూలు ఫోను నంబరుతో మాట్లాడే ఫోను వేరు. వాట్సాప్ వంటివాటిలో మాట్లాడుకోవడం వేరు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలతో మాట్లాడడానికి వాట్సాప్ చక్కగా పనికివస్తుంది. కాని దాని నుండి 108కి గాని 112కి గాని చేయలేము. అందువలన "వాట్సాప్ ఉంది కదా, ఇంక ఫోను దేనికి?" అనే వాదన సరికాదు.

మన ప్రాంతానికి ఎలా వచ్చింది?

మన గోదావరి ప్రాంతానికి ఇది బొత్తిగా కొత్త కాదు. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో, ఇప్పటి కోనసీమ జిల్లాలో ఉన్న మోరి గ్రామంలో 2016లో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చే ప్రయోగం జరిగింది. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. టీవీ, ఇంటర్నెట్టు, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు, పన్నులు అదనంగా, ఇస్తామని అప్పుడు ప్రకటించారు. తరువాత ధరలు మారాయి గనుక ఆ పాత ధరను మనసులో పెట్టుకొని బేరమాడరాదు. బి.ఎస్.ఎన్.ఎల్. కూడా తన రాగి లైన్లను ఫైబర్‌కు మారుస్తూ వస్తున్నది. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వచ్చింది.

ఫైబర్‌నెట్ తీగలను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. దీనివలన ఖర్చు తగ్గి, మారుమూల గ్రామాలకు కూడా త్వరగా చేరింది. కాని స్తంభం కూలితే కరెంటూ పోతుంది, తీగా తెగుతుంది. మరొక సంగతి. ఫైబర్‌నెట్‌కు, అనేక చోట్ల బి.ఎస్.ఎన్.ఎల్. ఫైబర్‌కు కూడా, ఇంటిదాకా తీగ తెచ్చేది, పాడైతే బాగుచేసేది ఊళ్ళోని కేబుల్ ఆపరేటరే. కనుక కంపెనీ పేరుతోపాటు ఆపరేటరు పనితనం కూడా విచారించాలి.

అసలు కీలకం: కరెంటు

ఒక సభ్యుని ఇంట జరిగినది చెబుతాము. రాత్రి పదకొండు గంటలకు గేదె నొప్పులు పడుతున్నది. దూడ అడ్డం తిరిగింది. బయట గాలివాన. కరెంటు పోయింది. కొత్తగా పెట్టించిన ఫోను ఎత్తితే చడీచప్పుడు లేదు. లైనులో లోపమేమీ లేదు. బాక్సుకు కరెంటు లేదు, అంతే. పగలంతా పాటలు విన్న సెల్‌ఫోనులో చార్జింగు అడుగంటింది. చివరికి కుర్రవాడు తడుస్తూ రెండు వీధులు పరుగెత్తి వేరొకరి సెల్లు తెచ్చాడు. డాక్టరుగారు సమయానికి రాగలిగారు గనుక గేదె దక్కింది, దూడ దక్కలేదు.

పాడి ఉన్న ఇంటికి ఫోను కబుర్ల కోసం మాత్రమే కాదు. కడుపు ఉబ్బరానికి, పాల జ్వరానికి గంటలే గడువు. 2022 మే నెల నుండి మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం ఇంటి దగ్గరకు వచ్చే ఏర్పాటు ఉన్నది. ఆ వాహనం రావాలంటే ముందు మన మాట వారికి చేరాలి. పాడి పశువు ఖరీదుతో పోలిస్తే బ్యాటరీ ఖర్చు ఎంత?

ఈ బాధ మనకొక్కరికే వచ్చినది కాదు. బ్రిటన్ దేశంలో పాత ఫోను వ్యవస్థను 2025 చివరికల్లా మూసివేయాలని మొదట తలపెట్టారు. అక్కడ ఒంటరిగా ఉండే వృద్ధులు మెడలో ఒక బొత్తాము వేసుకుంటారు. ఆపద వస్తే దాన్ని నొక్కితే ఫోను లైను ద్వారా సహాయ కేంద్రానికి కబురు వెళుతుంది. కొత్త లైనుకు మార్చిన కొన్ని ఇళ్ళలో ఆ బొత్తాములు పనిచేయక అనర్థాలు జరిగాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం కంపెనీలను పిలిచి, అటువంటివారిని బలవంతంగా మార్చబోమని మాట తీసుకున్నది. గడువును 2027 జనవరికి జరిపారు. అంత సంపన్న దేశంలోనే ఈ విషయంలో ఒకడుగు వెనుకకు వేశారంటే మనం కూడా ఆలోచించి అడుగు వేయాలి.

బ్యాటరీ లెక్క

భయపడవలసిన పని లేదు. బాక్సు తినే కరెంటు స్వల్పం. 10 నుండి 15 వాట్లు. ఒక ఫ్యాను తినేదానిలో అయిదో వంతుకు అటూ ఇటూ.

ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవారు బాక్సును ఇన్వర్టరు లైనులో ఉన్న ప్లగ్గుకు తగిలించమని బిగించే రోజునే చెప్పాలి. చాలామంది ఇక్కడే ఏమరుపాటు పడుతున్నారు. ఇన్వర్టరు ఉండి కూడా బాక్సును టీవీ పక్కన మామూలు ప్లగ్గుకు పెట్టించుకుంటున్నారు.

ఇన్వర్టరు లేనివారికి రౌటర్ల కోసమే తయారైన చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. ఎంతసేపు వస్తుందో ఇలా లెక్క వేసుకోవాలి. 12 వోల్టులు, 7 ఆంపియరు గంటల బ్యాటరీలో 84 వాట్ గంటల శక్తి ఉంటుంది. బాక్సు 12 వాట్లు తింటే లెక్కకు 7 గంటలు. మధ్యలో పోయేది పోగా, బ్యాటరీ పాతబడేది కలుపుకుంటే 5 గంటలు అనుకోవాలి. రాత్రి కొన్ని గంటలు గడవడానికి ఇది చాలు. కరెంటు లేనప్పుడు టీవీ, వైఫై వాడకపోతే ఇంకొంత నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. ట్రాక్టరు బ్యాటరీనో, సంఘంలోని పాల పరీక్ష మిషను బ్యాటరీనో తెచ్చి బాక్సుకు నేరుగా తీగలు కలపరాదు. చార్జింగులో ఉన్నప్పుడు బ్యాటరీ 14 వోల్టులకు పైగా ఇస్తుంది. బాక్సు కాలిపోవచ్చు. దాని కోసం తయారైన యూపీఎస్ మాత్రమే వాడాలి.

మన ఇంట్లో బ్యాటరీ ఉన్నంత మాత్రాన సరిపోదు. వెలుగును పంపే పరికరం ఆపరేటరు గదిలోనో ఎక్స్‌ఛేంజిలోనో ఉంటుంది. అక్కడ కరెంటు పోతే మన బాక్సు వెలుగుతున్నా ఫోను పలకదు. అక్కడ బ్యాటరీ ఎన్ని గంటలు, జనరేటరు ఉన్నదా లేదా అన్నది అడిగి తెలుసుకోవాలి.

తుపాను నాడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు స్తంభాలు, సెల్ టవర్లు దెబ్బతిని అంత పెద్ద నగరంలోనే రోజుల తరబడి ఫోన్లు సరిగా పనిచేయలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. ఉప్పాడ తీరంలో ఉన్నవారికి తుపాను అంటే వేరే చెప్పనక్కరలేదు. అటువంటి రోజున రాగి, గాజు, సెల్లు ఏదీ నూటికి నూరుపాళ్ళు నమ్మదగినది కాదు.

కనుక సూత్రం ఒకటే. రెండు దారులు ఉంచుకోవాలి. ఇంట్లో ఫైబర్ ఫోను ఒక కంపెనీదైతే, సెల్‌ఫోను సిమ్ము మరొక కంపెనీది ఉండాలి. ఒక బొత్తాముల సెల్‌ఫోనును నిండా చార్జి చేసి, పాటలకు సినిమాలకు వాడకుండా, పెద్దల మంచం దగ్గర ఉంచాలి. దాని బ్యాటరీ రోజుల తరబడి నిలుస్తుంది.

పిడుగుల విషయంలో ఫైబర్‌కు ఒక మంచి గుణం ఉన్నది. గాజు తీగ విద్యుత్తును మోయదు గనుక, రాగి లైను వెంట పిడుగు పోటు వచ్చి ఫోను కాలిపోయే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కాని బాక్సుకు ఉన్న కరెంటు ప్లగ్గు ద్వారా పోటు రావచ్చు. ఉరుములు మెరుపులు తీవ్రంగా ఉన్నప్పుడు ప్లగ్గు తీసి, ఆ కాసేపు సెల్‌ఫోను మీద ఆధారపడడం మంచిది.

నంబరు సంగతి

ఇరవై ముప్పై ఏళ్ళుగా ఉన్న నంబరు బంధువులందరి నోటికీ వచ్చి ఉంటుంది. బ్యాంకులో, గ్యాసు కంపెనీలో, సంఘం సభ్యత్వ రిజిస్టరులో అదే ఉంటుంది. సెల్‌ఫోను నంబరును ఒక కంపెనీ నుండి మరొక కంపెనీకి మార్చుకున్నట్లు ల్యాండ్‌లైను నంబరును మార్చుకునే సౌకర్యం మన దేశంలో లేదు. ఉన్న కంపెనీలోనే రాగి నుండి ఫైబర్‌కు మారితే పాత నంబరు నిలుపుకునే వీలు ఉండవచ్చు. దానిని దరఖాస్తులోనే వ్రాయించుకోవాలి. వేరే కంపెనీకి వెళితే నంబరు మారుతుంది. అప్పుడు కనీసం రెండు మూడు నెలలు పాతదాన్ని కూడా ఉంచుకొని, అందరికీ కొత్త నంబరు తెలియజేసి, ఆ తరువాత సరెండరు చేయాలి. సరెండరు చేసేటప్పుడు పాత డిపాజిట్టు రసీదు చూపి ఆ సొమ్ము వాపసు అడగడం మరువరాదు.

ఖర్చు లెక్క

నెల ధర చూసి సంబరపడరాదు, సంవత్సరం లెక్క కట్టాలి. ఉదాహరణకు నెలకు 400 రూపాయల ప్లాను అనుకుందాము. 18 శాతం జి.ఎస్.టి. 72 రూపాయలు. మొత్తం 472. పన్నెండు నెలలకు 5,664 రూపాయలు. సంఘంలో లీటరుకు 50 రూపాయలు వస్తుందనుకుంటే ఇది 113 లీటర్ల పాలు. దీనికి బిగింపు ఖర్చు, బాక్సు డిపాజిట్టు, యూపీఎస్ ఖర్చు మొదటి సంవత్సరం అదనం. ఇప్పుడు రాగి లైనుకు, సెల్‌ఫోన్ల రీచార్జికి, కేబుల్ టీవీకి విడివిడిగా కడుతున్నది పక్కన వ్రాసి, ఏ ఖర్చు తగ్గుతుందో చూసుకోవాలి. ఇంట్లో చదువుకునే పిల్లలుండి, నలుగురికీ ఇంటర్నెట్టు అవసరమైతే లెక్క చాలావరకు ఫైబర్‌కే అనుకూలిస్తుంది. ఇద్దరు పెద్దలే ఉండి, ఇంట్లో సెల్ సిగ్నలు బాగా ఉండి, ఇంటర్నెట్టు జోలికి పోనివారికి ఇది అనవసరపు ఖర్చు. ఇంట్లో సిగ్నలు సరిగా అందక పెద్దవారు ఒంటరిగా ఉండేచోట మాత్రం బ్యాటరీతో సహా ఫైబర్ ఫోను పెట్టించడం క్షేమం.

తీగను కాపాడుకోవడం

మన ఊళ్ళలో గాజు తీగకు పెద్ద శత్రువు గడ్డి బండి. కోతల తరువాత ఎత్తుగా గడ్డి వేసుకొచ్చే ట్రాక్టరు వీధికి అడ్డంగా వేలాడే తీగను లాక్కుపోతుంది. బిగించే రోజునే తీగను తగినంత ఎత్తున కట్టించాలి. తీగను మేకుకు చుట్టి మడత పెట్టరాదు. మడత పడితే లోపలి గాజు విరుగుతుంది. పశువుల పాకలోనుండి, ఎలుకలు తిరిగే చూరులోనుండి తీసుకుపోరాదు. బాక్సు మీద ఎర్ర దీపం వెలిగితే సాధారణంగా తీగ తెగిందని, లేదా వెలుగు రావడం లేదని అర్థం. ఫిర్యాదు చేసేటప్పుడు ఈ మాట చెబితే పని త్వరగా తెములుతుంది. తెగిన తీగ కొసను కంటికి ఎదురుగా పెట్టి చూడరాదు.

సంఘం కార్యాలయం

కంప్యూటరు ద్వారా పాల సేకరణ జరిగే సంఘాలకు ఇది మరింత ముఖ్యం. తూకం, వెన్న శాతం, బిల్లు అన్నీ కరెంటు, ఇంటర్నెట్టు మీదనే నడుస్తున్నవి. ఫైబర్ పెట్టించినా, వేరొక కంపెనీ సిమ్ముతో నడిచే ఇంటర్నెట్టు ఒకటి సిద్ధంగా ఉంచాలి. రెండూ లేని రోజున కూడా సేకరణ ఆగకుండా కాగితపు రిజిస్టరు బల్ల మీద ఉండాలి. కొత్త నంబరు తీసుకుంటే పాలక వర్గం తీర్మానం చేసి, నోటీసు బోర్డు మీద, సభ్యుల పాసుపుస్తకాల మీద వ్రాయించాలి.

సంతకానికి ముందు అడగవలసినవి

1. నా పాత నంబరు నిలుస్తుందా? కాగితం మీద వ్రాసి ఇస్తారా?

2. పన్నులతో కలిపి సంవత్సరానికి ఎంత? ఆరు నెలల తరువాత ధర పెరుగుతుందా?

3. బాక్సు ఎవరిది? పాడైతే ఎవరు మారుస్తారు? డిపాజిట్టు తిరిగి వస్తుందా?

4. కరెంటు పోతే ఆపరేటరు గదిలో బ్యాకప్ ఎన్ని గంటలు?

5. 108, 112, 1962, 1912 నంబర్లు ఈ ఫోను నుండి కలుస్తాయా?

6. తీగ తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు? ఫిర్యాదు నంబరు ఇస్తారా? ఫిర్యాదు తీరకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాసే హక్కు చందాదారునికి ఉన్నది.

బిగించిన రోజున ఇంకొక పని చేయాలి. బిగించిన మనిషి వెళ్ళకముందే మెయిను స్విచ్చి ఆపి, ఫోను ఎత్తి, బంధువు ఎవరికైనా చేసి మాట్లాడి చూడాలి. పలికితే సంతకం పెట్టాలి. పలకకపోతే బ్యాటరీ వచ్చేదాకా పాత లైను తీయనివ్వరాదు.

ఇదే అదనుగా మోసగాళ్ళు కూడా తిరుగుతున్నారు. "మీ ఫోను రెండు గంటల్లో కట్ అవుతుంది, 9 నొక్కండి" అని వచ్చే కాల్స్ నమ్మరాదు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

రాగి తీగ కాలం ముగియవస్తున్నది. టెలిగ్రాము కూడా 2013 జూలైలో అలాగే సెలవు తీసుకున్నది. మార్పును ఆపలేము, ఆపనక్కరలేదు. నడిరాత్రి పాకలో గేదె మూలిగినప్పుడు మన మాట డాక్టరుగారి చెవిన పడాలి. ఏ తీగ అయినా ఆ పని చేయగలదని చూసుకున్న తరువాతనే సభ్యులు నిర్ణయం తీసుకోవలసినదిగా కోరుతున్నాము.